తడి అద్దం మీద ముగ్గు

కారిగలైన్, ఐర్లాండ్
9 అక్టోబరు 2023

బాలశౌరి బావకి,

నా దస్తూరీ చూసి తిట్టుకోవద్దు. ఐదో తరగతి చదువు, అందులోనూ సగం పొలంలోనే గడిచింది. ఒత్తులు తప్పుంటాయి, నువ్వే సర్దుకుని చదువుకో. నీకు చెవులు వినపడవు, నాకు ఫోనులో మాట రాదు. అందుకని ఉత్తరం.

మేము బాగానే ఉన్నాం. శాంతకి ఆయాసం తగ్గలేదు. ఈ దేశంలో పడక గదులన్నీ మేడ మీదే కడతారు. మెట్లు ఎక్కలేకపోతోంది. అందుకని కింద, వెనక దొడ్డివైపు ఉన్న గాజు గదిలోకి మంచం దించాం. మూడు పక్కలా అద్దాలు. కప్పు కూడా అద్దమే ఉండేది. ఎండాకాలం పెనంలా కాలేది, చలికాలం ఐసు పెట్టె. మా అల్లుడు తేజేశ్వర్ నాలుగు శనాదివారాలు నిచ్చెనెక్కి, కప్పు కింద దళసరి బోర్డులు బిగించి, సందులన్నీ పూడ్చి, తెల్లరంగు వేశాడు. పనివాణ్ణి పెట్టుకోమని అమ్మాయి ఉజ్వల పోరింది. "అత్తయ్య గది మామయ్యా, నేనే చేస్తా" అన్నాడు. ఇప్పుడు వెచ్చగా ఉంది.

అయితే ఒక చిక్కు వచ్చింది. పొద్దున లేచేసరికి అద్దాలన్నీ చెమట పట్టి ధారలు కడుతున్నాయి. కిటికీ గట్టు మీద నీళ్లు నిలుస్తున్నాయి. శాంతకి మాత్రం సంబరం. "ఏమయ్యా, ఇక్కడ కళ్లాపి దేవుడే చల్లుతున్నాడు" అని, మంచం మీద కూర్చునే పక్క అద్దం మీద వేలితో ముగ్గు వేస్తోంది. రెండేళ్లుగా వాకిలి లేక ముగ్గు వెయ్యలేదు గదా. తుడవబోతే చెయ్యి మీద కొట్టింది.

ఉజ్వల రింగాస్కిడీలో మాత్రల ఫ్యాక్టరీలో పని చేస్తుందని చెప్పా గదా. అక్కడ గాలిలో తడి పెరిగితే మాత్రలు పాడవుతాయంట. తడి కొలిచే చిన్న గడియారం లాంటిది కొని గదిలో పెట్టింది. అరవై దాటకూడదంది. మాకు ఎనభై రెండు చూపిస్తోంది. మనవరాలు లోహిత బడికి పోయేముందు చూసి "ఎయిటీ టూ తాతా, నాట్ గ్రాండ్" అని చెప్పి పోతుంది.

కిటికీల నెత్తిన గాలి కోసం సన్నటి సందులు పెట్టారు. వాటిలోంచి చలిగాలి తిన్నగా శాంత తల మీద పడుతుంది. ఆ సంగతి నేను చూసుకున్నాలే.

ఆకు ఆరబెట్టే పొగాకు బ్యారన్‌లో తడి సంగతి నీకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ఏం చెయ్యమంటావో రాయి.

జానకిరామ్


కొండపి
30 అక్టోబరు 2023

జానకిరామ్ బావకి బాలశౌరి రాసేది,

దేవుడి దయవల్ల నేను బాగానే ఉన్నా, చెవులు తప్ప. ఐదో తరగతి అని డెబ్బై ఏళ్లుగా చెప్పుకుంటున్నావు, నాది నాలుగే. నేనెప్పుడన్నా సిగ్గుపడ్డానా? నీ ఉత్తరం మా కోడలికి చూపిస్తే "ఆయన దస్తూరీ మీదానికంటే ముత్యాలే మామా" అంది. నాకు ఒళ్లు మండింది.

ఇక నీ గాజు గది. బావా, అది గది కాదు, బ్యారనే. మనం ఏం చేసేవాళ్లం? పచ్చాకు కర్రలకి కట్టి ఎక్కించినాక, పసుపు తిరిగే దాకా అన్నీ మూసి ఉంచేవాళ్లం. పసుపు తిరిగినాక పై వెంటిలేటర్లు తెరవాలి. ఆకులో నీళ్లు ఆవిరై పైకి లేస్తాయి, వాటికి దారి ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ ఆవిరే మళ్లీ ఆకు మీద పడి, బంగారం లాంటి ఆకు నల్లగా కుళ్లుద్ది. వెచ్చటి గాలి తడిని మోసుకొని తిరుగుద్ది బావా. చల్లటి అద్దం తగలగానే అక్కడ దించేసుద్ది. మీ అల్లుడు కప్పు వెచ్చగా చేశాడు, అద్దాలు మాత్రం చల్లగానే ఉన్నాయి. అందుకని నీళ్లన్నీ అద్దాల మీదికి చేరతన్నాయి. పిల్లోడి తప్పేం లేదు.

కాబట్టి ముందు తడి ఎక్కడ పుడతందో చూడు. చెల్లెమ్మ చీరలు ఆ గదిలోనే ఆరేస్తన్నావా? మానెయ్. ఆవిరి పట్టేది అక్కడేనా? వంటగదిలో పట్టించు, తలుపేసి. మంచం గోడకి ఆనించొద్దు, జానెడు ఎడం ఉంచు, వెనక గాలి ఆడాలి. గది వెచ్చబెట్టే పొయ్యి ఒకసారి ఎక్కువ పెట్టడం, ఒకసారి ఆర్పడం వద్దు, సన్నగా రోజంతా ఉండాలి. పొద్దున్నే అద్దాలు తుడిచి, ఆ గుడ్డ బయట పిండు. చెల్లెమ్మ ముగ్గు చెరిపితే తిట్లు తిను, నీకు అలవాటేగా.

అన్నిటికంటే ముందు నెత్తిన ఉన్న సందు. అది తెరిచి ఉండాలి. "ఆ సంగతి నేను చూసుకున్నాలే" అని రాశావు. ఏం చూసుకున్నావు? నువ్వు చూసుకున్నానంటే నాకు భయం బావా. వెంటనే రాయి.

చెల్లెమ్మని అడిగానని చెప్పు. చర్చిలో ఆమె పేరున కొవ్వొత్తి పెట్టా. హిందువులకి పనిచెయ్యదా అని అడుగుద్ది, చేసుద్దని చెప్పు.

బాలశౌరి


కారిగలైన్
18 నవంబరు 2023

బాలశౌరి బావకి,

నీ ఉత్తరం అందింది. శాంతకి చదివి వినిపించా. కొవ్వొత్తి మాటకి నవ్వింది. నవ్వితే దగ్గు వచ్చింది.

నువ్వు చెప్పినవన్నీ చేశా. చీరలు మేడ మీద హాట్ ప్రెస్‌లో ఆరేస్తున్నాం. వేణ్ణీళ్ల తొట్టి పక్కన బట్టలు పెట్టుకునే అలమరాని ఇక్కడ అలా అంటారు. మంచం ఎడంగా జరిపా. తేజేశ్వర్ తడి లాగే మిషన్ తెచ్చాడు. రోజుకి రెండు చెంబుల నీళ్లు పడుతున్నాయి. దాని రొదకి శాంతకి నిద్ర పట్టదని పడుకునేటప్పుడు నేనే ఆపేస్తా. గడియారం డెబ్బై ఎనిమిదికి దిగింది. ఇంకా దిగలేదు.

నువ్వు అడిగావు కాబట్టి రాస్తున్నా. ఇంకెవరికీ చెప్పలేదు. ఆ నెత్తిన సందులు నేను మూశా. దూది కుక్కి, కట్లు కట్టే తెల్ల టేపు అంటించా. సందులూ తెలుపే, టేపూ తెలుపే, పైగా పరదా కర్ర అడ్డం ఉంది. ఎవరికీ కనపడదు. వాటిని మూయకూడదని తేజేశ్వర్ మొదటి రోజే చెప్పాడు. నేను తల ఊపా. వాళ్లు పనికి పోయాక కుర్చీ ఎక్కి మూశా.

ఏం చెయ్యను బావా. దగ్గే మనిషికి గాలి కొట్టకూడదని మన ఇళ్లల్లో పెద్దాళ్లు అందరూ చెప్పిందే గదా. బాలింతని, జ్వరం వచ్చినదాన్ని తలుపులేసి చెవుల్లో దూది పెట్టి పడుకోబెట్టేవాళ్లం. శాంత కూడా "ఆ సందులోంచి కత్తి దిగినట్టుందయ్యా" అంది. మూశాక హాయిగా పడుకుంది.

మంచం వెనక మూలన నల్లగా చుక్కలు లేచాయి. తుడిచా. మళ్లీ లేచాయి. మళ్లీ తుడిచా. ఉజ్వలకి కనపడకుండా గుడ్డల మూట అడ్డం పెట్టా. పిల్ల పనికి పోయి అలిసి వస్తుంది.

దగ్గు కొంచెం ఎక్కువైంది. చలి ముదిరింది గదా, అందుకే అనుకుంటున్నా.

శాంత రోజూ ముగ్గు వేస్తోంది. నిన్న ఏడు చుక్కల ముగ్గు.

జానకిరామ్


కొండపి
6 డిసెంబరు 2023

బావా,

స్పీడ్ పోస్టులో వేస్తన్నా. ఈ కాగితం చేతిలో పడగానే, చదవడం ఆపి లేచి, కుర్చీ ఎక్కి ఆ టేపు పీకు. పీకిన తర్వాత మిగిలింది చదువు.

పీకావా?

చలికి దుప్పటి ఉంది బావా, చెమ్మకి దుప్పటి లేదు. చెల్లెమ్మ తల చుట్టూ శాలువా చుట్టు, మంచం ఆ సందు కిందనుంచి ఇవతలికి లాగు. గాలి ఆమె మీద పడకుండా చూసుకో, గాలి మాత్రం గదిలోకి రావాలి. ఆ నల్ల చుక్కలు మన బ్యారన్‌లో కుళ్లిన ఆకు మీద లేచినవే. ఆ దుమ్ము పీలిస్తే మనకే పది రోజులు దగ్గు ఆగేది కాదు. ఆమె ఇరవై ఏళ్లు పొగాకు కర్రలకి అల్లిన మనిషి, ఆ ఊపిరితిత్తుల్లో ఇంక ఏం మిగిలిందని? మూట అడ్డం పెట్టావా? ముప్ఫై ఏళ్లు బ్యారన్ కాసినోడివి! ఎవరన్నా రాస్తే నమ్మేవాణ్ణి కాదు.

కోపంతో రాస్తన్నా, పట్టించుకోవద్దు. ముందు మీ అల్లుడికి చెప్పు. చెల్లెమ్మని డాక్టరుకి చూపించండి.

అందిన రోజే రాయి.

బాలశౌరి


కారిగలైన్
23 డిసెంబరు 2023

బాలశౌరి బావకి,

శాంత పోయింది. ఈ నెల పదకొండు, సోమవారం.

ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. ఆరు రోజులు ఆసుపత్రిలో ఉంది. చివర నా చెయ్యి పట్టుకుంది.

రింగాస్కిడీ పోయే దారిలో, నీళ్ల మధ్య చిన్న దిబ్బ మీద దహనం చేసే చోటు ఉంది. అక్కడే చేశాం. ఉజ్వల రోజూ ఆ పక్కనుంచే ఫ్యాక్టరీకి పోవాలి.

నీ ఉత్తరం పంతొమ్మిదిన వచ్చింది. నువ్వు చెప్పినట్టే చదవడం ఆపి లేచా. కుర్చీ దాకా పోయా. మంచం ఖాళీగా ఉంది గదా. మళ్లీ కూర్చున్నా.

జానకిరామ్


కొండపి
11 జనవరి 2024

బావా,

ఏం రాయాలో తెలియక మూడు కాగితాలు చించా.

చెల్లెమ్మ కోసం చర్చిలో పూజ పెట్టించా. మన పాత అల్లకం పందిరి దగ్గరి ఆడోళ్లు, బతికున్నోళ్లు ఐదుగురు వచ్చారు. గిరిజాకుమారి ముసలిదైపోయింది, కర్ర పట్టుకొని వచ్చింది. "శాంత కట్టిన కర్రకి ఆకు జారేది కాదు" అని అందరూ అన్నారు.

ఆ ముందు ఉత్తరంలో రాసిన మాటలకి నన్ను క్షమించు. అది ఎప్పుడు చేరుద్దో తెలియక రాశా.

అన్నం తిను. పిల్లని చూసుకో.

బాలశౌరి


కారిగలైన్
10 ఫిబ్రవరి 2024

బాలశౌరి బావకి,

నువ్వు క్షమించమనడం ఏంటి.

ఇక్కడి సంగతులు బాగాలేవు. రాయడానికి ఇంకెవరూ లేరు.

దినాలు అయ్యాక ఉజ్వల ఆ గది శుభ్రం చెయ్యబోయి, మూట జరిపి ఆ నలుపు చూసింది. నిలబడినది నిలబడినట్టే కూర్చుండిపోయింది. డాక్టరుని అడిగింది, దీనివల్లేనా అని. దీనివల్ల కాదని చెప్పలేను, ఇదొక్కటే కారణమని కూడా చెప్పలేను, ఆమె ఊపిరితిత్తులు ముందే పాడయ్యాయి అన్నాడంట. పిల్ల చెవికి మొదటి మాటే ఎక్కింది.

అప్పటినుంచి తేజేశ్వర్‌తో మాట్లాడదు. మాట్లాడితే ఇది:

"పనోణ్ణి పెట్టుకోమన్నా. విన్నావా? నీ చేత్తో కట్టావు. మా అమ్మని దాంట్లో పడుకోబెట్టావు."

"లెక్క ప్రకారమే కట్టాను ఉజ్జీ. పై సందులు కూడా ఉంచాను. తడి ఎందుకు ఆగిందో నాకే అర్థం కావట్లా."

"నీకు అర్థం కాలా. మా అమ్మ పోయింది."

నేను పక్క గదిలో ఉన్నా బావా. గోడలు పల్చన. లేచి పోయి ఒక్క మాట చెప్పొచ్చు. దుప్పటి నెత్తి మీదికి లాక్కున్నా.

ఈ నెల రెండో తారీకున ఇళ్లు పరీక్ష చేసే మనిషి వస్తాడన్నారు. ఆ రోజు పొద్దున నేను టేపు పీకేశా. దూది తీసేశా. చెప్పడానికి కాదు, దొరక్కుండా ఉండటానికి. ఆయన వచ్చి సందుల దగ్గర చెయ్యి పెట్టి చూసి, ఇవి బాగానే పనిచేస్తున్నాయి, అయితే లోపం కప్పులోనే ఉండాలి, బోర్డులు విప్పితేగానీ చెప్పలేను అన్నాడు. తేజేశ్వర్ తల వంచుకుని నిలబడ్డాడు, బడిలో బెత్తం దెబ్బ తిన్న పిల్లోడిలాగా. నేను అక్కడే ఉన్నా. ఆయనకి టీ ఇచ్చా.

తేజేశ్వర్ డండాక్‌లో ఉద్యోగం చూసుకున్నాడు. ఇక్కడికి నాలుగు గంటల దూరం. మార్చి ఆఖరుకి పోతాడు, అక్కడే గది తీసుకుంటాడంట. "డాడీ ఈజ్ మూవింగ్, ఇజింట్ హీ తాతా?" అని లోహిత అడిగింది. నాకు ఇంగ్లీషు రానట్టు నటించా.

ఇంకొకటి. ఇది రాయకపోతే నీకు నేను పూర్తిగా చెప్పినట్టు కాదు.

శాంత పోయిన పదమూడో రోజు పొద్దున నేను ఆ గదిలో కూర్చుని ఉన్నా. అద్దాలకి చెమట పట్టింది. ఆమె మంచం పక్క అద్దం మీద, ఎవరూ వెయ్యకుండానే, ముగ్గు తేలింది. ఏడు చుక్కల ముగ్గు. ఆమె వేలు తగిలిన చోట మంచు పట్టలేదు, మిగతా అంతా పట్టింది. ఆఖరి మెలిక కలవలేదు. ఆసుపత్రికి తీసుకుపోయిన రోజు వేస్తూ ఉండగా దగ్గు వచ్చి ఆగిపోయింది. వేలికి ఉండే జిడ్డు వల్ల అలా కనపడుతుందని తర్వాత లోహిత తన పుస్తకంలో చదివి చెప్పింది. ఏదైతేనేం. ఆ రోజునుంచి రోజూ పొద్దున పోయి కూర్చుంటున్నా. ఎనిమిదింటికి తేలుతుంది, ఎండ వస్తే పోతుంది.

ఆ మనిషి వచ్చి పోయిన మర్నాడు పోయి చూస్తే అద్దం పొడిగా ఉంది. గాలి ఆడింది గదా. ముగ్గు లేదు. తోట కనపడుతోంది అంతే. రెండు రోజులు చూశా. మూడో రోజు కుర్చీ ఎక్కి మళ్లీ దూది కుక్కి, మళ్లీ టేపు అంటించా.

ఇదీ నేను చేసిన పని. నువ్వు ఏమన్నా పడతా.

జానకిరామ్


కొండపి
26 ఫిబ్రవరి 2024

జానకిరామ్ బావకి,

నేను ఏమీ అనను. ఒక పాత సంగతి రాస్తా, చదువు.

మనకి ఇరవై రెండేళ్లప్పటి మాట. మూడో బ్యారన్ నీది, నాలుగోది నాది. నేను కర్రల కోసం ఊళ్లోకి పోయా. మిట్టమధ్యాహ్నం వచ్చేసరికి నీ బ్యారన్ నెత్తిన వెంటిలేటర్లు మూసే ఉన్నాయి. పసుపు తిరిగిపోయిన ఆకు, పొద్దునే తెరవాల్సింది. నువ్వేమో లేవు. అల్లకం పందిరి కింద కర్రలు లెక్కపెడతన్నట్టు నిలబడి ఉన్నావు. అక్కడ కొత్తగా వచ్చిన పిల్ల ఆకు కడతా ఉంది, తలెత్తకుండా. కర్రలు ఎక్కడ లెక్కపెట్టావు బావా, ఒక్క కర్ర కూడా లెక్కపెట్టలేదు నువ్వు.

నేను ఎక్కి తెరిచేసరికి ఆకు అంతా నల్లబడింది. ఆసామి వచ్చి "ఎవడ్రా మూసింది?" అని అరిచాడు. నువ్వు నోరు తెరవబోయావు, మాట రాలేదు. నేను చూశా. నేనే మూశా అన్నా. నన్ను ఆ ఏడాదికి పనిలోంచి తీసేశారు. ఒంగోలు పోయి లారీల మీద బస్తాలు మోశా.

ఎందుకన్నానో ఇన్నేళ్లూ నువ్వు అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆ పిల్ల మేనమామ ఆ ఆసామి దగ్గరే గుమస్తా. నీ పేరు బయటపడితే ఆ పిల్లని నీకు ఇచ్చేవాళ్లు కాదు. అంతే. తర్వాత మీ పెళ్లికి వస్తే ఆ పిల్లే నా దగ్గరికి వచ్చి "అన్నా" అంది. నువ్వు చెప్పావో, ఆమే కనిపెట్టిందో నాకు తెలియదు. ఆ రోజునుంచి చెల్లెమ్మ అయింది.

నాకు పోయింది ఒక ఏడాది. నాకు అప్పుడు పెళ్లాం లేదు, పిల్లలు లేరు. తేజేశ్వర్‌కి ఉన్నారు. ఆ పిల్లోడు చెయ్యని తప్పుని చేశానేమో అని నమ్మడం మొదలుపెట్టాడు, అది ఇంకా ఘోరం బావా. "నాకే అర్థం కావట్లా" అన్నాడని రాశావు చూడు, ఆ మాటకి నాకు నిద్ర లేదు.

నువ్వు చెల్లెమ్మని చంపలేదు. అది నేను ఒట్టేసి చెప్తా. చలి తగలకూడదని ప్రేమతో మూశావు. కానీ ఇప్పుడు మూసినది ప్రేమతో కాదు.

ఆ రోజు నీ బదులు నేను నోరు తెరిచా. ఇప్పుడు నేను అక్కడ లేను.

ముగ్గు సంగతికి నేనేం చెప్పలేను. నేనైనా అదే చేసేవాణ్ణేమో.

బాలశౌరి


కారిగలైన్
14 ఏప్రిల్ 2024

బాలశౌరి బావకి,

నీ ఉత్తరం రెండు వారాలు చొక్కా జేబులో పెట్టుకు తిరిగా. మడతలు చిరిగాయి.

శాంతకి ఆ సంగతి నేనే చెప్పా, పెళ్లికి ముందు. "మీరు మాట్లాడలేని మనిషని తెలిసే చేసుకుంటున్నా" అంది.

మీ ఈస్టర్ రోజు ఆదివారం తేజేశ్వర్ కారులో సామాను సర్దుకున్నాడు. లోహిత మెట్ల మీద కూర్చుంది. ఉజ్వల వంటగదిలో కడిగిన గిన్నెలే మళ్లీ కడుగుతోంది. అతను నా కాళ్లకి దణ్ణం పెట్టి, "వస్తా మామయ్యా. ఆ గదిలో మాత్రం పడుకోకండి. ఎండాకాలంలో వచ్చి కప్పు విప్పేస్తా" అన్నాడు. తన చేత్తో కట్టింది తనే విప్పేస్తాడంట.

నాకు మాట రాలేదు. ఎంత నోరు తెరిచినా రాలేదు. అతని చెయ్యి పట్టుకుని గాజు గదిలోకి లాక్కుపోయా. ఉజ్వల వెనకే వచ్చింది, నాకేదో అయిందనుకుంది. కుర్చీ వేసుకుని ఎక్కా. పరదా పక్కకి లాగి, టేపు పట్టుకుని పీకా. చాలా పొడుగు టేపు. దూది ముద్దలు ముద్దలుగా కింద పడింది, నల్లగా ఉంది. మూడు కిటికీలవీ పీకా. చలిగాలి ఒక్కసారిగా మొహాన కొట్టింది. అప్పుడు వచ్చింది మాట.

"నేనే" అన్నా. "అక్టోబరు నుంచి. నువ్వు కాదు."

తేజేశ్వర్ ఆ దూది వంక చూస్తూ ఉన్నాడు. తర్వాత దగ్గరికి వచ్చి నా నడుం పట్టుకుని, "ముందు కుర్చీ దిగండి మామయ్యా, పడతారు" అన్నాడు. నా చేతిలోంచి టేపు తీసుకున్నాడు. అతని మొహం నేను చూడలేకపోయా. కిందికి దించి, తను వరండాలోకి పోయి, గోడకి తల ఆనించి ఏడ్చాడు. నాలుగు నెలలది ఏడ్చాడు.

ఉజ్వల నన్ను ఒకటే అడిగింది. "ఆ మనిషి వచ్చిన రోజు తీసి, మళ్లీ ఎందుకు పెట్టావు నాన్నా?"

ముగ్గు సంగతి చెప్పలేకపోయా. చెబితే సాకులాగా ఉంటుందనిపించింది. తల వంచుకున్నా. ఆమె మేడ మీదికి పోయింది.

తేజేశ్వర్ ఆ రోజు పోలేదు. సామాను దించుకున్నాడు. డండాక్ వాళ్లకి రానని ఉత్తరం రాశాడు. వాళ్లిద్దరూ ఇప్పుడు మెల్లగా మాట్లాడుకుంటున్నారు, ఉప్పు అందుకో, లోహితని బడి నుంచి ఎవరు తెస్తారు, అంతవరకు. అది చాలు.

ఉజ్వల నాతో మాట్లాడలేదు. పదకొండు రోజులు. అన్నం పెట్టేది, మాత్రలు గిన్నెలో వేసి పక్కన పెట్టేది. మొహం చూసేది కాదు. నాకు కోపం లేదు బావా. ఆమెకి అమ్మ గదా.

గది బాగుపడింది. తేజేశ్వర్ మూలన నల్లబడిన బోర్డులు తీసేసి కొత్తవి వేశాడు. పొయ్యి సన్నగా రోజంతా పెడుతున్నాం. గడియారం యాభై నాలుగు చూపిస్తోంది. నువ్వు చెప్పినట్టే మంచం ఆ సందు కిందనుంచి ఇవతలికి లాగితే, గాలి అసలు మనిషికి తగలనే తగలదు. ఒక్క బారెడు. అంతే దూరం బావా. ఒక్క బారెడు.

అద్దాలు పొడిగా ఉన్నాయి. ముగ్గు ఇంక తేలదు. కానీ ఒక సంగతి కనిపెట్టా. ఆ అద్దం దగ్గరగా పోయి నోరు తెరిచి ఊదితే, అరచేతంత మేర ఆవిరి పడుతుంది. అక్కడ ముగ్గు ముక్క కనపడుతుంది. ఒక చుక్క, దాని చుట్టూ మెలిక. రెండు క్షణాలు ఉండి పోతుంది. మళ్లీ పక్కన ఊదాలి. ఒక్కసారే మొత్తం చూడలేను, నాకు అంత ఊపిరి లేదు. రోజుకి ఒక మెలిక చూసుకుంటున్నా.

మొన్న గురువారం అలా ఊదుతుంటే వెనక ఉజ్వల నిలబడి ఉంది. ఎంతసేపటినుంచి ఉందో. ముగ్గు సంగతి లోహిత చెప్పినట్టుంది, నా పక్కకి వచ్చింది.

"ఎక్కడ నాన్నా?" అంది.

చూపించా. ఆమె వంగి ఊదింది. చిన్నది గదా, ఊపిరి ఎక్కువ. ఇంత మేర వచ్చింది. ఆ చివర, కలవని మెలిక దగ్గర ఆగింది. వేలు ఎత్తింది, కలుపుతుందేమో అనుకున్నా. కలపలేదు. చెయ్యి దించేసి, అది పోయేదాకా ఇద్దరం చూస్తూ నిలబడ్డాం.

తర్వాత "చలిగా ఉంది, శాలువా కప్పుకో" అని లోపలికి పోయింది. పన్నెండో రోజున నాతో అన్న రెండో మాట అది.

అద్దం తుడిచే పని నేనెవరికీ ఇవ్వలేదు. ఆ ఒక్క పలక వదిలేసి మిగతావి నేనే తుడుస్తున్నా. ఆ జిడ్డు ఎన్నాళ్లు ఉంటుందో నీకేమన్నా తెలుసా? బ్యారన్ గోడల మీద మన చేతుల గుర్తులు ఏళ్ల తరబడి ఉండేవి గదా. తెలిస్తే చెప్పు. తెలియకపోయినా సరే, ఏదో ఒకటి రాయి. ఈసారి ఆలస్యం చెయ్యొద్దు బావా. తపాలా పెట్టె చప్పుడైతే నేనే ముందు లేస్తున్నా.

జానకిరామ్